నింపుడు కాదు, కట్టుడు

వదిన పోయిందన్న కబురు మల్కాజిగిరిలో మా పక్కింటివాళ్ల ఫోనుకు వచ్చింది. పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. పక్కింటామె గోడ మీదుగా పిలిచి, మీ అన్న ఫోన్ చేశాడని చెప్పింది. వెళ్లి రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. అన్న, "మీ వదిన పోయింది. ఇగ లేదు" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఉప్పల్ చర్చిలో ఆరాధన, అక్కడి నుంచే సమాధుల తోటకు అని కూడా చెప్పాడు. నేనేమన్నానో గుర్తులేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి పాలు పొంగి స్టవ్ ఆరిపోయి ఉంది.

ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్తుంటే మా పెద్దనాన్న కొడుకు స్కూటర్ మీద ఎదురొచ్చి, నాలుగింటికట కదా అన్నాడు. ఉప్పల్ చేరాక ఇంటి ముందు షామియానా కడుతున్న మనిషి, ఐదుకైనా అవుతుందా అమ్మా అని నన్నే అడిగాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. వదిన ఉంటే ముగ్గురినీ వరసగా నిలబెట్టి, మొదలు ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు అని కూపీ లాగేది. ఒకే సంగతి నాలుగు చోట్ల నాలుగు రకాలుగా కనబడకుండా చూడటమే ఆమె ఉద్యోగం. స్వభావం కూడా అదేననుకోండి.

చదివేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. తెలిసేంత పేరున్న మనిషి కాదు. మా అన్న భార్య. నాచారంలో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన రెండు గదుల కంప్యూటర్ ఆఫీసు ఉంది, అందులో ప్రోగ్రాములు రాసేది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్లు హాజరు, సరుకు, జీతాలు చూసుకోవడానికి వాడే ప్రోగ్రాములు అవి. నాకా పని నేర్పింది ఆమే. ఆ ఆఫీసులో నన్ను కూర్చోబెట్టిందీ ఆమే. అందుకని నాకు ఒకేసారి వదినా, పంతులమ్మా, పై అధికారీ ముగ్గురూ పోయారు.

ఆమెది జనగామ దగ్గరి పల్లె. పెళ్లయి ఉప్పల్ వచ్చేనాటికి మా అన్న లేత్ మిషన్ల షెడ్డులో పనిచేసేవాడు. చౌరస్తాలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ క్లాసులకు వెళ్తానని ఆమె అన్నప్పుడు, టైపు నేర్చుకుంటే సరిపోదా అని మా అమ్మ సణిగింది. తర్వాత అదే అమ్మ, మా కోడలు కంప్యూటర్లకే బుద్ధి చెప్తుందని కాలనీ అంతా చెప్పుకుని తిరిగింది. వదిన దానికి పొంగిపోలేదు. కంప్యూటరుకు బుద్ధి ఉండదత్తమ్మా, మనం పెట్టిందే ఉంటదని సర్దిచెప్పేది.

ఫ్లాపీలకు దుమ్ము పడుతుందని వాటిని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకునేది. అన్నం మాత్రం ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకునేది. వంట ఆమె చేతికి పట్టుబడలేదు. ఆమె వండిన రోజు మేమంతా పచ్చడి సీసా ఎక్కడుందా అని వెతుక్కునేవాళ్లం. ఇంట్లో మూడు గడియారాలుంటే మూడూ ఒకే టైము చూపించాలి. ఒకటి వెనకబడితే స్టూలెక్కి సరిచేసేదాకా చాయ్ కూడా తాగేది కాదు. దారిలో ఏ దుకాణంలోనైనా ఆగిపోయిన గడియారం కనబడితే లోపలికెళ్లి చెప్పొచ్చేది. ఒకసారి ఒక మిఠాయి కొట్టాయన, అది అమ్మేది కాదమ్మా అన్నాడు. ఆ మాట చెప్పి ఆమెను చాలాకాలం ఏడిపించాను.

ఆ పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే ఆమె అర్థం కాదు. తొంభైల మొదట్లో మేం నల్లటి స్క్రీన్ల మీద రాసేవాళ్లం. తర్వాత బొత్తాలూ గడులూ ఉండే కొత్తరకం స్క్రీన్లు వచ్చాయి. ఒక ఫ్యాక్టరీలో అందరికీ వర్తించే విషయాలు కొన్ని ఉంటాయి. కంపెనీ పేరు, సెలవు రోజులు, షిఫ్టు మొదలయ్యే టైము లాంటివి. వాటిని సెట్టింగులు అంటాం. షిఫ్టు టైము ఆఫీసు స్క్రీన్ మీద ఒక గడిలో కనబడుతుంది, గేటు దగ్గరి స్క్రీన్ మీద ఇంకో గడిలో, క్యాంటీన్లో మరో గడిలో. నాలాంటి కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, స్క్రీన్ తెరుచుకోగానే ఆ సెట్టింగును చదివి, అంకెను గడిలో నింపి వదిలేస్తారు. నింపాక ఆ గడికి దాని మూలంతో సంబంధం తెగిపోతుంది. అక్కడ మారినా ఇక్కడ మారదు. అలా కాకుండా గడిని ఆ సెట్టింగుకే ముడివేసి ఉంచొచ్చు. అప్పుడు గడికి సొంత అంకె అంటూ ఉండదు. మూలంలో ఏముంటే అదే చూపిస్తుంది. దానికి డేటా బైండింగ్ అని పేరు. వదిన మాత్రం కట్టుడు అనేది.

"నింపుడు కాదు పిల్లా, కట్టుడు," అని నా కుర్చీ వెనక నిలబడి ఎన్నిసార్లు అందో. నాకు చిరాకేసేది. నింపడానికి ఒక్క లైను రాస్తే చాలు. కట్టడానికి పూటంతా పడుతుంది.

ఒకరోజు నేను మొండికేస్తే పక్కన స్టూలు లాక్కుని కూర్చుని పాటల బోర్డుల కథ చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊరి చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చునేవాళ్లు. రెండువైపులా గోడకు చెరో చెక్క బోర్డు. ఆ రోజు పాడబోయే పాటల నంబర్లున్న అట్టముక్కలు వాటికి తగిలించడం ఈమె పని. ఒక ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు పాస్టరు అయ్యగారు రెండో పాట మార్చమన్నారు. ఈమె ఆడవాళ్ల బోర్డు మీద మార్చింది. ఇంతలో ఎవరో పిలిస్తే మగవాళ్లవైపు వెళ్లనేలేదు. రెండో పాట వచ్చేసరికి ఆడవాళ్లు ఒకటి ఎత్తుకున్నారు, మగవాళ్లు ఇంకొకటి. ఎవరి బోర్డు వాళ్లకు సరిగ్గానే ఉంది కాబట్టి తప్పు అవతలివాళ్లదే అనుకుని ఇద్దరూ గొంతు పెంచారు. అయ్యగారు కళ్లు మూసుకుని, రెండు పాటలూ అయిపోయేదాకా ఓపిగ్గా నిలబడ్డారట. దేవుడికి రెండూ చేరి ఉంటాయని నేనంటే, వదిన నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఉప్పల్ చర్చిలోనూ అలాంటి బోర్డులు రెండున్నాయి. ఒకటి తీసేసి మధ్యలో ఒక్కటే పెడదామని ఆమె పెద్దలతో వాదించి ఓడిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం తనే రెండింటికీ నంబర్లు తగిలించి, చివరి వరసదాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి రెండూ చదువుకుని వచ్చి కూర్చునేది.

ఇంతటి మనిషి కూడా ఒకచోట నింపి వదిలేసింది.

నాచారంలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ ఒకటి మాకు పాత ఖాతా. ప్యాకింగులో అంతా ఆడవాళ్లే. కీసర, దమ్మాయిగూడ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎక్కువ. ఉదయం షిఫ్టు ఆరున్నరకు మొదలయ్యేది. పొద్దున బస్సు దానికి నిమిషం ముందో వెనకో స్టాపుకు వచ్చేది. ఆలస్యమైతే గేటు దగ్గరి స్క్రీన్ మీద ఆ మనిషి టోకెన్ నంబరు ఎర్రగా పడుతుంది. నెలలో మూడుసార్లు ఎర్రగా పడితే టెంపరరీ వాళ్లను పనిలోంచి తీసేసి గేటు బయటే ఆపేస్తారు. అందుకని ఆ ఆడవాళ్లు స్టాపులో దిగగానే చీర కొంగు బొడ్లో దోపుకుని, టిఫిన్ సంచులు పట్టుకుని గేటుదాకా పరుగెత్తేవాళ్లు. పెద్దవయసు వాళ్లు కూడా. అది చూడలేకపోయేది వదిన. తనకేం సంబంధం లేకపోయినా, బస్సు టైముకు తగ్గట్టు షిఫ్టు మార్చొచ్చు కదా అని మేనేజరు చెవిలో వేసింది. ఆయన మంచివాడే. ఆలోచించి, షిఫ్టు ఏడింటికి మార్చాడు. ఆఫీసు స్క్రీన్ మీద ఆరున్నర చెరిపి ఏడు పెట్టినప్పుడు మేమిద్దరం పక్కనే ఉన్నాం. ఆ రోజు వదిన ఆఫీసు మొత్తానికీ సమోసాలు తెప్పించింది.

కొన్ని వారాల తర్వాత ప్రింటర్ పనిమీద పొద్దున్నే ఆ ఫ్యాక్టరీకి వెళ్లాం. ఏడు కావడానికి ఇంకా బోలెడు టైముంది. అయినా బస్సు దిగిన ఆడవాళ్లు ఎప్పటిలాగే పరుగెత్తుతున్నారు. వదిన ఒకామెను ఆపి, ఇంకా టైముంది కదా ఎందుకు ఉరుకుతున్నరని అడిగింది. ఆమె ఆగకుండానే, "టైమేడుందమ్మా, ఎర్రగ పడ్తది" అంటూ వెళ్లిపోయింది.

వదిన తన గడియారం చూసుకుంది. తర్వాత వాచ్‌మన్ గదిలోకి వెళ్లింది. స్క్రీన్ పైన షిఫ్టు టైము గడిలో ఆరున్నర అనే ఉంది.

సంగతి ఇదీ. గేటు స్క్రీన్ ఆమె మొదటి ఏడాదిలో రాసింది, బైండింగ్ అంటే ఏమిటో తెలియకముందు. తెరిచినప్పుడు టైమును గడిలో నింపుకునేలా రాసింది. మేం పరీక్షించినప్పుడల్లా మూసి తెరిచేవాళ్లం కాబట్టి ఎప్పుడూ సరిగ్గానే కనబడింది. వాచ్‌మన్ మాత్రం దాన్ని మూసేవాడు కాదు. ఒకసారి ఆపితే మళ్లీ ఎక్కడ రాదోనని ఆయన భయం. రాత్రీ పగలూ నడుస్తూనే ఉండేది. పైన చిన్న గుడ్డ కప్పి, రోజూ దుమ్ము దులిపి, బిడ్డలాగా చూసుకునేవాడు పాపం. దాంతో ఆ గడిలో పాత టైము అలాగే నిలిచిపోయింది. హాజరు చూసే టైమాఫీసు వాళ్లు గేటు నుంచి వచ్చిన ఎర్ర నంబర్లనే నమ్మారు. ఆడవాళ్లకు ఏడింటికని చెప్పారు, గేటు దగ్గర ఎర్రగా పడుతోంది. ఆఫీసు చెప్పేదొకటి, గేటు చేసేదొకటి కావడం వాళ్లకు కొత్త కాదు కాబట్టి, నోరు మూసుకుని మళ్లీ పరుగు మొదలుపెట్టారు.

ఎవరినైనా ఆపేశారా అని వదిన అడిగింది. దమ్మాయిగూడ మణెమ్మను కిందటి వారం ఆపామని వాచ్‌మన్ చెప్పాడు. ఆమె గేటు దగ్గర, ఏడింటికే కదా అని వాదించిందట. కంప్యూటర్ అబద్ధం చెప్తదా అని ఈయనే అన్నాడట. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది.

వదిన అక్కడికక్కడే ఆ స్క్రీన్ మూసి మళ్లీ తెరిచింది. ఏడు వచ్చింది. అంతే, క్షణంలో పని. అందుకోసం ఒక మనిషి వారంగా పని లేకుండా ఉంది. వదిన కుర్చీలోంచి లేవలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను గానీ ఏడవలేదు. ముందు మన సారుకు చెప్పాలి పద అంది.

ఆఫీసు నడిపే మా సారు తల పట్టుకున్నాడు. ఇలాంటి తప్పు బయటపడితే మిగతా ఫ్యాక్టరీలు కూడా జారిపోతాయని ఆయన దిగులు, అదీ అబద్ధం కాదు. వాచ్‌మన్ రోజూ మెషిన్ ఆపకపోవడం వల్ల వచ్చిందని చెబుదామన్నాడు. ఒక రకంగా నిజమే కదా అని కూడా అన్నాడు. రోజూ ఆపాలని మనం ఆయనకు ఎప్పుడు చెప్పినం సార్ అని వదిన అడిగింది. మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోయి చెప్తా, ఉద్యోగం సంగతి తర్వాత చూస్కుందాం అంది. పాపం ఆయన కూడా వెంట వచ్చాడు.

మేనేజరు ముందు ఆమె చాలా తక్కువ మాట్లాడింది. "తప్పు ఆమెది కాదు సార్, వాచ్‌మన్‌ది కాదు. ఆ స్క్రీన్ నేను రాసిన. మీరు టైము మార్చిన్రు, నా గడి మారలే. మణెమ్మను మళ్ల పిలువుండ్రి." మేనేజరు చాలాసేపు ఆ కాగితాలూ ఈ కాగితాలూ తిరగేశాడు. ఎర్ర నంబర్లన్నీ కొట్టేయమన్నాడు. కబురు ఎవరితో పంపుదాం అని ఆయన అంటుండగానే, తనే పోయి చెప్తానంది వదిన.

ఆ సాయంత్రం ఇద్దరం కీసర బస్సెక్కి దమ్మాయిగూడలో దిగాం. రేకుల ఇల్లు. ముందు మణెమ్మ అత్త చాటలో బియ్యం చెరుగుతోంది. మణెమ్మ భర్త తాపీ పనిచేస్తూ పడి కాలు విరగ్గొట్టుకుని లోపల మంచం మీద ఉన్నాడు. మణెమ్మ ఉందా అంటే ఆ ముసలామె మమ్మల్ని వింతగా చూసింది. "డ్యూటీకి పోయింది గద. వచ్చే యాళ్లయింది, కూసోండ్రి" అంది.

నేను వదిన వైపు చూశాను. ఆమె అప్పటికే చాటలో బియ్యం వైపు చూస్తోంది. వారంగా మణెమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నమాట. రోజూ పొద్దున టిఫిన్ కట్టుకుని బస్సెక్కి, నాచారంలో ఒక్కో గేటు దగ్గరా పని అడిగి, షిఫ్టు దిగే టైముకు ఇల్లు చేరుతోంది. ఆ ఇంట్లో ఆమెకు ఇంకా ఉద్యోగం ఉంది.

కూర్చున్నాం. ముసలామె నీళ్లిచ్చింది. కోడలు కష్టం గురించి, కొడుకు కాలు గురించి చెప్పింది. వదిన బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. కాసేపటికి సందు మలుపులో మణెమ్మ కనబడింది. మమ్మల్ని చూసి గుమ్మం అవతలే ఆగిపోయింది. ఆమె ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఇంట్లోవాళ్ల ముందు మేం నోరు విప్పితే తనేమైపోతుందో అన్నట్టు వదిననే చూస్తోంది.

వదిన లేచి నిలబడింది. "షిఫ్టు ఏడింటికి అయింది మణెమ్మా. గేటు కాడ సుత మార్చినం. రేపు ఏడింటికి రా, ఉరుకుడు అక్కర్లే. గది చెప్పిపోదామని వచ్చినం" అంది.

మణెమ్మ తల ఊపింది. చేతిలో సంచి కింద పెట్టబోయి, మళ్లీ పట్టుకుని, చాయ్ తాగి పోవాలంది. గంత మాటకు ఇంత దూరం వచ్చిన్రా అని ముసలామె ఆశ్చర్యపోయింది. చాయ్ ఇచ్చేటప్పుడు మణెమ్మ వదిననే చూస్తుండటంతో, గ్లాసులోది సగం నా చీర మీద పడింది.

తిరుగు బస్సులో నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఎక్కడ చూసినా ఒకటే మాట కనబడాలని నా ప్రాణం తీస్తావు, అక్కడ ఆ ఇంట్లో పాత మాటే ఉంచి వచ్చావేంటని దెప్పాను. వదిన టికెట్లు మడిచి పర్సులో పెట్టుకుంది. తర్వాత, "అది ఆమె మాట పిల్లా. మనకు చూసే హక్కుంది, దిద్దే హక్కు లేదు. చెప్పాల్నంటే ఆమెనే చెప్పుకోవాలె" అంది.

ఆ వారమంతా మేం గేటు స్క్రీన్ తిరగరాశాం. గడిలో ఏమీ నింపలేదు. ఆఫీసులో ఉన్న సెట్టింగుకే కట్టాం. నిమిషానికోసారి వెళ్లి మూలంలో ఏముందో చూసి వచ్చేలా పెట్టాం, స్క్రీన్ మూసినా మూయకపోయినా. ఆఫీసులోని గడిని దిద్దితే మూలం మారుతుంది, దాన్ని చూసి గేటు మారుతుంది. గేటు దగ్గరి గడిని మాత్రం ఎవరూ దిద్దలేరు, చూడగలరంతే. ఆ తేడా నాకు పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. దమ్మాయిగూడ బస్సులో ఎక్కింది.

పరీక్షించే రోజు వదిన ఫ్యాక్టరీ ఆఫీసులో, నేను వాచ్‌మన్ గదిలో ఉన్నాం. ఆమె అక్కడ టైము మార్చింది. ఇక్కడ ఎవరూ ముట్టుకోకుండానే అంకె మారింది. వాచ్‌మన్ కుర్చీ వెనక్కి జరుపుకుని, ఏందిది, దయ్యం పట్టిందా అన్నాడు. ఇంటర్‌కమ్‌లో వదిన ఏం కనబడుతోందని అడిగింది. చెప్పాను. మళ్లీ మార్చి మళ్లీ అడిగింది. అలా ఎంతసేపు ఆడించిందో. చివరికి ఏడు దగ్గర ఆపి, గడప దాటి గేటుదాకా నడిచొచ్చి, తన కళ్లతో చూసుకుంది.

తర్వాతి వారంలో ఒక ఉదయం నన్ను లాక్కుని ఆ బస్ స్టాపు ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చోబెట్టింది. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ రోడ్డుకేసే చూస్తోంది. బస్సు వచ్చింది. ఆడవాళ్లు దిగారు. ఒకళ్లిద్దరు అలవాటు కొద్దీ కొంగు దోపుకున్నారు గానీ ఎవరూ పరుగెత్తలేదు. మాట్లాడుకుంటూ నడిచి వెళ్లారు. మణెమ్మ మధ్యలో ఉంది, దేనికో గట్టిగా నవ్వుతోంది. వదిన చాయ్ చల్లారిపోయింది. ఇంకోటి చెప్పమంటే అదే తాగేసి లేచింది. మా సారు భయపడ్డట్టు ఖాతాలేవీ జారిపోలేదు, ఆ ఫ్యాక్టరీ కూడా మాతోనే ఉంది. అయినా ఆ తప్పు గుర్తొచ్చినప్పుడల్లా వదిన అన్నం కవరు ముడివేసి పక్కన పెట్టేసేది. అది నేను చూశాను.

కిందటేడు ఆమెకు జబ్బని తెలిసినప్పుడు, ఒక ఆదివారం భోజనాలయ్యాక అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. అమ్మ, అన్న, నేను, మా ఆయన, జనగామ నుంచి వచ్చిన వాళ్ల తమ్ముడు. "నా కిడ్నీలు ఖరాబైనయి. డాక్టరు ఏం చెప్పిండో గదే చెప్తున్న. రేపు మీకు మీరు గుసగుస పెట్టుకోకుండ్రి, ఏదన్న తెలుసుకోవాల్నంటే నన్నే అడుగుండ్రి" అంది. అమ్మ ఏడ్చింది. అన్న లేచి బయటికెళ్లి ఆగకుండా నడుస్తూ రామంతాపూర్‌దాకా పోయి వచ్చాడు. ఆ తర్వాత ఏడాదంతా దవాఖానా నుంచి వచ్చిన ప్రతిసారీ, అడిగినవాళ్లకల్లా ఆమే చెప్పేది. ఎవరికీ ఎక్కువ చేసి చెప్పలేదు, ఎవరికీ తగ్గించి చెప్పలేదు. మేం దాచిపెట్టాల్సిన పని, నటించాల్సిన పని ఆమె మాకు లేకుండా చేసింది. అదెంత పెద్ద సాయమో ఇప్పుడు తెలుస్తోంది.

అంత్యక్రియల రోజు మధ్యాహ్నం చర్చిలో పాటల నంబర్లు నేను తగిలించాను. తగిలించి చివరి వరసదాకా వెనక్కి వెళ్లాను. కళ్లలో నీళ్లకు అంకెలు అలుక్కుపోయి కనబడుతుంటే తుడుచుకుని మళ్లీ చదివాను. రెండు బోర్డులూ ఒకటే చూపిస్తున్నాయి. అక్కడ నిలబడి ఉండగా పొద్దుటి మూడు టైములూ గుర్తొచ్చాయి. అన్న దగ్గరికెళ్లి, నాచారంవాళ్లకు ఎన్నింటికని చెప్పావని అడిగాను.

అన్న పొద్దుటి ఫోన్లు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. నాకు చేయడానికి ముందే, ఆరాధన నాలుగింటికి అనుకుని మా సారుకు ఫోన్ చేశాడు. ఆయన ఫ్యాక్టరీకి చెప్పాడు. షిఫ్టు మూడింటికి దిగుతుంది కాబట్టి నాలుగైతే అందుకోవచ్చని ఆడవాళ్లు అనుకున్నారట. తర్వాత అయ్యగారు మబ్బు పట్టిందని మూడింటికి మార్చారు. ఆ మాట ఇక్కడికి అందింది, నాచారం అందలేదు. చర్చి పక్కనున్న ఫోన్ బూత్ నుంచి మా ఆఫీసుకు చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. అందరూ ఇక్కడికే బయల్దేరినట్టున్నారు.

ఆరాధన జరిగిపోయింది. చర్చి వెనకే ఉన్న సమాధుల తోటకు తీసుకెళ్లాం. పెట్టె కింద దించాక, ఆఖరిచూపు చూసేవాళ్లంతా చూశారు. మూత వేయడానికి మనుషులు వంగారు. మా అన్న సంఘంలో ఎప్పుడూ నోరు విప్పి ఎరగడు. చర్చి మీటింగుల్లో చెయ్యెత్తమన్నా ఎత్తడు. అలాంటివాడు ముందుకొచ్చి, "అయ్యగారు, జర ఆగుండ్రి. నాచారంల ఆమె మనుషులున్నరు. వాళ్లకు నేను నాలుగని చెప్పిన" అన్నాడు.

పెద్దల్లో ఒకరిద్దరు మబ్బువైపు చూపించి ఏదో గొణిగారు. అయ్యగారు అన్న ముఖం చూసి, బైబిలు మూసి చంకలో పెట్టుకున్నారు. ఆగాం. ఎవరో పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు కలిశారు. అది అయిపోయాక ఇంకొకటి పాడారు. వదిన ముఖం మీద ఈగ వాలకుండా నేను కొంగుతో విసురుతూ కూర్చున్నాను.

మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగింది. దాని వెనక నుంచి ఆడవాళ్లు బిలబిలమంటూ ఇవతలికి వచ్చారు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతుల్లో టిఫిన్ సంచులున్నాయి. దూరం నుంచి జనాన్నీ పెట్టెనూ చూసి, అయిపోయిందనుకున్నారు. ఒక్కసారిగా కొంగులు బొడ్లో దోపుకుని పరుగు మొదలుపెట్టారు.

అన్న తోట గేటు దగ్గరికి నడిచి చెయ్యెత్తాడు. "ఉరుకకుండ్రమ్మా, మీ కోసమే ఆగినం" అన్నాడు.

ముందున్న మణెమ్మ ఆగింది. బొడ్లోంచి కొంగు తీసి భుజం మీద సర్దుకుంది. వెనక వస్తున్నవాళ్లకు చెయ్యి చూపించి ఆపింది. తర్వాత వాళ్లంతా తెరిచి ఉన్న గేటులోంచి నడుచుకుంటూ లోపలికి వచ్చారు.